ఎడమ వెనక తలుపు

అక్టోబరులో ఒక ఆదివారం
పాలప్యాకెట్లు దిగే వేళకి
పుదుప్పేటలో ఢిల్లీబాబు షట్టరు సగం లేస్తుంది.
నడుం వంచి లోపలికి దూరతాను.
గేర్‌బాక్సుకి ఆనించిన ఫోనులో
అప్పటికే అక్కడ పట్టపగలు,
ఆస్ట్రేలియాలో ఎక్కడో ఒక కొండ కింద
కార్లు బారులు తీరి గుర్రుమంటుంటాయి.

మా ఊళ్ళో కొండంటే పరంగిమలై.
దానికి మెట్లున్నాయి, పైన చర్చి ఉంది,
బ్రేకు మీద కాలు పెట్టకుండా మలుపు తిప్పే మొనగాడే లేడు.
అందుకే వాళ్ళ కొండని అప్పు తెచ్చుకున్నాం.
ఇరవై ఏళ్ళుగా తగవులతో వడ్డీ కడుతున్నాం.

నాది ఫోర్డు.
వింతేముంది, తిన్న ఉప్పు.
మరైమలై నగర్‌లో పద్దెనిమిదేళ్ళు
ఎడమ వెనక తలుపు బిగించినవాణ్ణి.
మిగతా మూడు తలుపుల సంగతి నన్నడక్కండి.

వాడిది హోల్డెన్.
మన రోడ్ల మీద ఒక్కటంటే ఒక్కటి చూసిన పాపాన పోలేదు.
హార్బరులో మూటలు దించే వాళ్ళ నాన్నకి
ఏ ఓడ మనిషో ఇచ్చిపోయిన తాళాల గుత్తి,
దాని మీద ముందరికాలితో రాయి దొర్లించే సింహం.
అంతే, అదే చుట్టరికం.
ఆ చూడని బండి కోసం
నాతో మూడు దీపావళులు మాట్లాడలేదు.
రేసు మాత్రం పక్కనే కూర్చుని చూశాడు,
మాట్లాడకుండా.
ఒకసారి ఆఖరి చుట్టులో నీలం కారు దాటేస్తే
నా టీలో ఉప్పు కలిపాడు.
నేనూ తక్కువ తినలేదు.
వాడి చెల్లెలు తులసమ్మ పెళ్ళికి నీలం చొక్కా తొడుక్కెళ్ళి
ప్రతి ఫోటోలో వాడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాను.

ఆ సింహాన్ని కన్నవాళ్ళే కాటికి పంపారని
కరోనా రాబోయే ముందు ఫిబ్రవరిలో కబురు.
బోడి టైరుకొకదానికి బంతిపూల దండ వేసి
వాడి షట్టరు ముందు పెట్టొచ్చాను.
కర్పూరం కూడా వెలిగించాను.
ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గే గానీ
ఆ రోజంతా ఈల వేస్తూనే తలుపులు బిగించాను.

మరుసటేడు సెప్టెంబరులో
మా గేటుకి నోటీసు.
ఒకడు ఇంగ్లీషులో చదివాడు,
ఒకడు తమిళంలో చదివాడు,
నేను ఇంటికొచ్చి స్నానాల గదిలో తెలుగులో అర్థం చేసుకున్నాను.
వాడొస్తాడనుకున్నా, టైరు మోసుకుని.
వారం రోజులు వీధి గుమ్మం వైపు చూశాను.
బంతిపూలు కనబడితే చాలు ఒళ్ళు మండేది.
రాలేదు.
ఎనిమిదో రోజు ఫోను:
"రాయపేటలో బ్యాటరీ షాపుకి మనిషి కావాలట,"
అని పెట్టేశాడు.

ఇప్పుడా కొండ మీద సింహం బొమ్మ లేదు.
పాత వైరి జట్లు వేరే బండి ఎక్కి తిరుగుతున్నాయి.
"మారుపేరుకి చప్పట్లు కొట్టను," అంటాడు.
"మరి ఎవరి పక్షంరా నువ్వు?"
"నువ్వు ఓడాలి. దానికో జట్టెందుకు?"

వాడి కొట్లో, రేడియేటర్ల వెనక గోడకి
ఒక తలుపు వేలాడుతుంటుంది.
తిండివనం దాటాక లారీ కింద నలిగిన బండిది,
ఎలా మిగిలిందో, ఆ ఒక్క తలుపు మీదా గీత లేదు.
ఎడమది. వెనకది.
కీలు లోపల పచ్చ మార్కరు గీత,
కాస్త వంకరగా, నేను గీసేటట్టే.
రెండో షిఫ్టు కన్నియప్పనూ అలాగే గీసేవాడు, ఒట్టేసి చెప్పలేను.

నా ఎదురుగానే ముగ్గురు బేరమాడి వెళ్ళారు.
"అమ్మవేంరా?"
"ధర కుదర్లేదు."
"ఎంతకడిగారేం?"
"కుదర్లేదన్నానుగా. నోర్మూసుకుని చూడు,
ఎర్ర లైట్లు ఆరబోతున్నాయి."

పొయ్యి దింపి గ్లాసు నా చేతిలో పెడతాడు.
కార్లు ఒక్కసారిగా ఉరుకుతాయి.
నేను కళ్ళు ఫోను మీదే ఉంచి
ముందు నాలిక కొసతో
టీ రుచి చూస్తాను.